ఒకే బాడుగలో ఇద్దరు

పుల్లన్న చెప్పులు విప్పలేదు. కంప్యూటర్లున్న గదిలోకి దుమ్ము రాకూడదని సరళ తలుపు మీద అంటించిన కాగితాన్ని అరచేత్తో నెట్టుకుని లోపలికి వచ్చాడు. వెనక ఇంకో ఇద్దరు. కింద జెరాక్సు షాపులో మిషను చప్పుడు టక్కున ఆగింది. ఎవరొచ్చారో షాపాయన చూశాడన్నమాట. చూసి, షట్టరు సగానికి దించుకున్నాడు. శ్రీరంగప్ప మనిషి మెట్లెక్కితే అనంతపురంలో బుద్ధున్నవాడు ఎవడైనా చేసే పని అదే.

"తెరువు," అన్నాడు పుల్లన్న.

"ఏం తెరవాలన్నా?"

"మా కాలేజీది. ఇంటర్నెట్టులో. తెరువుమంటాండా కదా!"

సరళ కుర్చీ లాక్కుంది. బత్తలపల్లె రోడ్డులో శ్రీరంగప్ప కట్టించిన ఇంజనీరింగ్ కాలేజీకి వెబ్‌సైటు చేసింది తనే. ఫీజుల పట్టిక, బస్సుల రూట్లు, పక్కకు పాకే అక్షరాలు, అన్నీ తన చేతి పనే. అడ్రసు టైపు చేసింది. బ్రాడ్‌బ్యాండు వచ్చింది వచ్చిందని ఊరంతా చెప్పుకుంటున్నారు గానీ ఆ ఏడు దాని వేగం అంతంత మాత్రమే. పేజీ పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా దిగసాగింది. ముందు ఆకాశం. తర్వాత ఒక కాలేజీ మిద్దె. అది శ్రీరంగప్ప మిద్దె కాదు. తర్వాత నల్లరంగు వేసిన జుట్టు, విభూతి పెట్టిన నుదురు. మీసం దగ్గరికి వచ్చేసరికి సరళకు ఎవరో తెలిసిపోయింది. చివరికి రెండు చేతులూ జోడించి, నవ్వుతూ బసప్ప పూర్తిగా దిగాడు. ఆయన కింద ఎర్రటి అక్షరాలు పాకుతున్నాయి: మా కళాశాలకు స్వాగతం.

పైన అడ్రసు శ్రీరంగప్పది. లోపల మనిషి బసప్ప.

ఆ రెండు కుటుంబాల సంగతి తెలియనివాళ్ళు జిల్లాలో ఉండరు. ఒకరు ఆగిన హోటల్లో ఇంకొకరు కాఫీ తాగరు. ఒకరి పెళ్ళికి వాయించిన మేళాన్ని ఇంకొకరు పిలవరు. ఒకరి చేలో బోరు వేసిన బండి ఇంకొకరి చేలోకి పోదు, నీళ్ళు పడకపోయినా సరే. ఒకరు ఇంజనీరింగ్ కాలేజీ పెడితే ఇంకొకరు వెంటనే పెట్టారు.

"పొద్దున హాలు నిండా జనం," అన్నాడు పుల్లన్న. గొంతు పెంచలేదు, అదే భయం. "పిల్లోల్ల నాయనలు, అమ్మలు. అన్న మైకు పట్టుకొని, మా కాలేజీ చూడండప్పా అని చెప్పినాడు. మా రామాంజులు బటను నొక్కినాడు. గోడంత తెర మీద ఈ నాకొడుకు వచ్చి దండం పెట్టినాడు. ఎవడో నవ్వినాడు. ఒగడు నవ్వితే ఇంగ ఆగుతారా? అందరూ నవ్వినారు. అన్న మైకు పట్టుకొని అట్లే నిలబడినాడు."

చెబుతూ చెబుతూనే ఇనుప స్టూలు ఎత్తాడు. సరళ తల పక్కకు లాక్కునే లోపల అది మానిటరులోకి దిగిపోయింది. పెద్ద చప్పుడు. గాజు ముందు లోపలికి పోయి, తర్వాత గదంతా చిందింది. ఒక ముక్క ఆమె చెవి కింద గీసుకుంటూ పోయింది. యూపీఎస్ మాత్రం ఏమీ తెలియనట్టు కుయ్ కుయ్‌మంటూనే ఉంది. పుల్లన్న దాన్ని కాలితో తన్నాడు, అది ఊరుకుంది.

"ఇది బసప్ప మనుషుల పనే. వాళ్ళ కాలేజీలో కంప్యూటర్ ముందర కూర్చునే పిల్లోడు ఉండాడే, కుళ్ళాయప్ప. వానికి వస్తాదా ఈ పని?"

సరళ చెవి కింద చెయ్యి పెట్టుకుంది. తడి తగిలింది. కుళ్ళాయప్పకు ఆ పని వచ్చు. నేర్పింది తనే. ప్రతి ఆదివారం వెనక మెట్ల మీదుగా వచ్చి, ఈ గదిలోనే, ఇదే స్టూలు మీద కూర్చుని నేర్చుకున్నాడు. వచ్చేటప్పుడు వాళ్ళమ్మ ఉడకబెట్టిన శెనక్కాయలు గుడ్డలో కట్టి పంపేది.

"చెప్పు! వస్తాదా, రాదా?"

"వస్తాదన్నా," అంది సరళ.

అబద్ధం కాదు. అంతకంటే పాపిష్టి మాట మాత్రం ఆమె నోట్లోంచి అంతవరకూ రాలేదు. పుల్లన్న తల ఊపి, గాజుముక్కలు చెప్పుల కింద కరకరలాడుతుండగా దిగి వెళ్ళిపోయాడు.

వాళ్ళు చేసింది కాదని సరళకు మీసం కనబడినప్పుడే తెలుసు. అది తను చేసిన పని.

వెబ్‌సైటు అంటే ఊరికే గాలిలో ఉండదు. ఎక్కడో ఒకచోట దాన్ని ఉంచడానికి జాగా కావాలి, ఆ జాగాకు ఏడాదికింత అని బాడుగ కట్టాలి. బెంగళూరులో ఒకాయన ఆ జాగాలు అద్దెకిస్తాడు. శ్రీరంగప్ప దగ్గర బాడుగ డబ్బు తీసుకుంది. కుళ్ళాయప్ప చాటుగా తెచ్చిచ్చిన బసప్ప డబ్బూ తీసుకుంది. బసప్ప సైటు చేసింది కూడా ఆమే మరి. పైకి పేరు కుళ్ళాయప్పది, పని ఆమెది. శ్రీరంగప్పకు పనిచేసే మనిషి బసప్పకు పనిచేస్తుందని తెలిస్తే ఇద్దరూ కలిసి తంతారు. ఆ నెలలో యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి కొత్తది వేయించాల్సి వచ్చింది, గది అద్దె మీదికి వచ్చింది. ఇద్దరి దగ్గరా తీసుకుని ఒక్క జాగాకే కట్టింది. బసప్ప పేరుతో ఒక గది తీసుకుని, మధ్యలో గుడ్డ కట్టి, శ్రీరంగప్పను ఆ గుడ్డ వెనక పెట్టింది. ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది. బెంగళూరు ఆయన ఆ గుడ్డ పీకేశాడు, ఎవరి అడ్రసు కొట్టినా లోపల బసప్పే కనబడ్డాడు.

ముందు కుళ్ళాయప్పకు ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. బెంగళూరుకు చేసింది. వాళ్ళు ఎత్తారు.

"మేడం, మీది ఒక్క సైటు ప్లాను. దాంట్లో మీరు రెండోది దూర్చినారు. సర్వర్ క్లీన్ చేసినాము, అది పోయింది. రెండో దానికి వేరేగా దుడ్లు కట్టండి, పెడతాము."

"కడతాను సార్, సాయంత్రానికి కడతాను. ముందు ఆ ఫోటో తీసేయండి. ఈడ మనుషుల్ని నరికేసేటట్టు ఉండారు."

"మేడం, ప్లాన్ అప్‌గ్రేడ్ చేసుకుంటే అన్ని ప్రాబ్లంలూ పోతాయి," అన్నాడతను ఎంతో మర్యాదగా.

సరళ ఫోన్ పెట్టేసి, చెవి కింద చేతిరుమాలు అదుముకుని, కుళ్ళాయప్ప ఆ పూట కౌన్సెలింగు సెంటరు దగ్గరే ఉంటాడని మెట్లు దిగి పరుగెత్తింది.

ఇంజనీరింగ్ సీట్లు పంచే ఆ సెంటరు ఎదుట రోడ్డు పొడుగునా కాలేజీల షామియానాలు. పిల్లలను, తల్లిదండ్రులను పట్టుకుని కరపత్రాలు చేతిలో పెట్టి, చల్లటి మజ్జిగ ఇచ్చి, మా కాలేజీలో చేరండని బతిమాలుకునే కాలం అది. వాన లేదు. మృగశిర వెళ్ళిపోతున్నా చినుకు పడలేదు. ఎర్రమట్టి గాలి షామియానాలను ఎగరేస్తోంది. సరళ ఆటో దిగేసరికి బసప్ప కాలేజీ షామియానా అప్పటికే నేల మీద ఉంది. మజ్జిగ బానలు పగిలి, కరపత్రాలు ఆ మజ్జిగలో నానుతున్నాయి. ప్రతి కాగితం మీదా దండం పెడుతూ బసప్పే. జనం రెండు వైపులకూ చీలి, గోడలకు అతుక్కుపోయారు.

మధ్యలో కాలేజీ వ్యాను. కుళ్ళాయప్పను జుట్టు పట్టుకుని దాని దగ్గరికి ఈడుస్తున్నారు. వాడి చొక్కా చినిగి వీపు కనబడుతోంది, వీపు మీద అప్పుడే తేలిన వాతలు.

"నేను చేయలేదన్నా! దేవుని మీద ఒట్టు! ఇప్పుడే తెలిసింది నాకు!"

"ఏ చేత్తో టైపు చేస్తావు రా?" అన్నాడు పుల్లన్న.

"అన్నా, అన్నా..."

"రెండు చేతులా? సరే, ఈపొద్దుకు ఒగటి చాలు."

కుడిచెయ్యి లాగి వ్యాను డోరు సందులో పెట్టించాడు. ఒకడు మోచెయ్యి పట్టుకున్నాడు, ఇంకొకడు డోరు పట్టుకున్నాడు. సరళ కళ్ళు మూసుకోలేదు. మూసుకోవాలన్న తలంపు కూడా రాలేదు. నేనే చేసినా, వాన్ని వదలండి అన్న మాట గొంతులో తయారుగా ఉంది. నోరు తెరిచింది కూడా. డోరు దభాలున మూసుకుంది. కుళ్ళాయప్ప అరుపు మధ్యలోనే తెగిపోయింది. డోరు మళ్ళీ తెరిచి, మళ్ళీ మూశారు. రెండోసారి అరవలేదు, వాడికి స్పృహ లేదు.

పుల్లన్న తన చెప్పులకంటిన మజ్జిగను కింద పడిన షామియానా గుడ్డకు తుడుచుకున్నాడు. జనం వైపు తిరిగి, "ఇంగొక చెయ్యి ఉండాది. అడ్మిషన్లు అయిపోనీ, అప్పుడు చూస్తాం," అని అందరికీ వినబడేట్టు చెప్పి జీపెక్కాడు.

గొంతులో మాట అక్కడే ఉండిపోయింది. థూ అనిపించింది సరళకు తన మీద తనకే. తర్వాత మాత్రం గొంతు పెగిలింది. కుళ్ళాయప్పను ఆటోలో ఎక్కించడానికి మనుషులు కావాలని అరిచింది, ఆ చేతికి తన చున్నీ చుట్టింది, ఆసుపత్రి దాకా ఆ తలను ఒళ్ళో పెట్టుకుంది. చేయాల్సిన దానికంటే చేయనవసరం లేనిది మనుషులు బాగా చేస్తారు.

మరుసటి రోజు ఆసుపత్రి వార్డులో గంగక్క కనిపించింది. కుళ్ళాయప్ప తల్లి. కూలికి పోతూ పోతూ కబురు విని అట్లాగే వచ్చింది. నడుముకు బిగించిన కొంగు ఇంకా విప్పలేదు, సంచిలో కొడవలి కూడా ఉంది. కొడుకు మంచం పక్కన నేల మీద కూర్చుని, పైనుంచి వేలాడుతున్న వాడి కట్టును చూస్తోంది. కట్టు చాలా పెద్దది. అందులో చెయ్యి ఎంత మిగిలిందో డాక్టరు ఇంకా చెప్పలేదు. మూడు వేళ్ళ మీద ఆశ వద్దని మాత్రం చెప్పాడు.

"రామ్మా, కూర్చో," అని జరిగి చోటిచ్చింది. చెంబులో నీళ్ళు ఇచ్చింది. సరళ తాగింది. "నీకు చదువుండాది. చెప్పు, వాడేం తప్పు చేసినాడని? కంప్యూటర్లో బొమ్మ మారితే చేతులు ఇరగ్గొడతారా?"

"లేదు గంగక్కా. వాడేం చేయలేదు."

"మరి ఎవరు చేసినారు?"

సరళ చెంబును కింద పెట్టి, మళ్ళీ చేతిలోకి తీసుకుంది. అంతలో కుళ్ళాయప్ప కళ్ళు తెరిచాడు. పెదవులు ఎండి అతుక్కుపోయాయి.

"అక్కా, నువ్వు చూస్తే తెలుస్తాది కదక్కా ఎట్ల జరిగిందో. వాళ్ళకు చెప్పక్కా. నువ్వు చెప్తే నమ్ముతారు."

చెప్పేదే. ఆ నిమిషంలో కచ్చితంగా చెప్పేసేదే. కానీ వార్డు తలుపు దగ్గర కలకలం మొదలైంది. మనుషులు పక్కకు జరిగారు. బసప్ప వచ్చాడు. ఫోటోలో కంటే పొట్టిగా ఉన్నాడు. వెనక ఆపిల్ పండ్ల బుట్ట, దాని వెనక మనుషులు. మంచం దగ్గరికి వచ్చి కుళ్ళాయప్ప తల మీద చెయ్యి పెట్టాడు.

"శభాష్ రా! నాకు చెప్పకుండానే చేస్తివి. వాని హాల్లో, వాని మైకు ముందర, నా పటం పెట్టినావు చూడు! నా జన్మలో నేను అట్ల చేయలేకపోయినా."

"నేను చేయలేదు సార్," అన్నాడు కుళ్ళాయప్ప.

"ఈడ మనోళ్ళే కదప్పా, భయమెందుకు? మొగోడివి. చేసినా అని చెప్పు." మనుషుల వైపు తిరిగాడు. "పేపరాయనకు గూడా చెప్పినా, మా పిల్లోడే చేసినాడని. ఇంగ వాళ్ళ బాకీ మనం తీర్చాల కదా. వాళ్ళ బటను నొక్కే పిల్లోడు ఎవడు?"

"రామాంజులు అంటారన్నా," అన్నాడొకడు.

"ఆ. వాని సంగతి చూడండి. వీనికి ఏ చెయ్యి పోయిందో ఆ చెయ్యే."

పుట్టినరోజుకు కేకు తెమ్మని చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. ఆపిల్ పండు ఒకటి తీసి గంగక్క చేతిలో పెట్టాడు. గంగక్క దాన్ని పట్టుకుని అట్లాగే చూసింది. తినలేదు, పారేయలేదు.

సరళకు అప్పుడర్థమైంది. బసప్ప ఒప్పుకున్నాడు గనక శ్రీరంగప్ప మనుషులు మళ్ళీ వస్తారు. ఈసారి చేతితో వదలరు. కుళ్ళాయప్ప ప్రాణం ఇప్పుడు తన నోట్లో ఉంది. ఆ నోరు పెట్టుకుని ఇంకా ఎంతసేపు కూర్చోవడం? లేచి బస్టాండుకు నడిచింది.

బత్తలపల్లె దగ్గర శ్రీరంగప్ప శెనక్కాయ మిల్లు. ఆవరణ నిండా పొట్టు గుట్టలు. విత్తనానికని కాయలు ఒలిచే మిషను ఆడుతోంది. వాన ఎప్పుడు పడితే అప్పుడు విత్తడానికి జనం సంచులు పట్టుకుని వరసలో ఉన్నారు. శ్రీరంగప్ప మంచం మీద కూర్చుని, అరచేతిలో గింజలు పోసుకుని చచ్చు గింజలను ఏరి పారేస్తున్నాడు. సన్నటి మనిషి. నిన్న నవ్వు పడిన ముఖం ఇంకా తేరుకోలేదు.

సరళ నిలబడే చెప్పింది. ఎక్కడా ఆగలేదు. ఇద్దరి డబ్బూ తీసుకున్న సంగతి, ఒక్క జాగాకే కట్టిన సంగతి, బెంగళూరు ఆయన తీసేసిన సంగతి. "తప్పు నాది సార్. కుళ్ళాయప్పకు ఏమీ తెలీదు."

శ్రీరంగప్ప గింజలు ఏరడం ఆపాడు. మిషను ఆపమని చెయ్యి ఊపాడు. ఆవరణ నిశ్శబ్దమైంది.

"అంటే ఏమి? నేనూ వాడూ ఒకే ఇంట్లో ఉండామా ఇన్నాళ్ళు?"

"ఆ..."

"ఇల్లు ఎవరి పేరు మీద ఉండాది?"

"బసప్పగారి పేరు మీద సార్."

"వాని పేరు మీదా?" శ్రీరంగప్ప లేచాడు. "మా నాయన కాలం నుంచి వాళ్ళ బావిలో నీళ్ళు మా గొడ్డు గూడా తాగల్యా! నువ్వు నన్ను తీసకపోయి వాని ఇంట్లో, వెనక రూములో పండబెట్టినావా?"

అరచేతిలో గింజలన్నీ ఆమె ముఖాన కొట్టాడు.

పుల్లన్న అడుగు ముందుకేశాడు. శ్రీరంగప్ప అతణ్ణి ఆపి, ఊపిరి తీసుకుని, మళ్ళీ మంచం మీద కూర్చున్నాడు. ఆయన కాలేజీ నడిపేది ఊరికే కాదు, తెలివైనవాడే.

"చూడు పాపా. ఈ మాట ఈడనే పూడ్చేయి. మా పుల్లన్న కొట్టింది తప్పు మనిషిని అని తెలిస్తే రేపు నన్ను చూసి లేచి నిలబడేదెవరు? బసప్పే చెప్పుకుంటాండాడు కదా వాడే చేసినాడని. అదే నిజం."

"కుళ్ళాయప్పను చంపుతారు సార్."

"అది నీకెందుకు? నీ సంగతి చూసుకో. నువ్వు పనికి వాడే సాఫ్ట్‌వేరు ఉండాది కదా, దానికి లైసెన్సు ఉండాదా నీ దగ్గర?"

"లేదు సార్. అది కొనాలంటే నా ఏడాది సంపాదన చాలదు."

"మరి? పోలీసోళ్ళకు ఒక మాట చెప్తే కంప్యూటర్లు ఎత్తుకపోయి నిన్ను లోపల వేస్తారు."

భయం ఒక హద్దు దాకానే ఉంటుంది కాబోలు. "మీ కాలేజీ ల్యాబులో ఉండేది గూడా అదే సీడీ సార్," అంది సరళ. "అన్ని కంప్యూటర్లలో నేనే ఎక్కించినా. అప్పుడు మీరే అడిగినారు, కొనకుండా అయితాదా అని."

వరసలో సంచి పట్టుకున్నవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు.

ఆ నవ్వే దెబ్బ తెచ్చింది. పుల్లన్న ఈసారి ఎవరి సైగకూ ఆగలేదు. పిడికిలి వెనక భాగంతో మూతి మీద కొట్టాడు. సరళ పొట్టు గుట్ట మీద వెల్లకిలా పడింది. లేవబోతే కడుపులో తన్నాడు. నోట్లోకి రక్తం, పొట్టు కలిసి వచ్చాయి. ఇంకో తన్ను. ఆకాశం తెల్లగా, ఖాళీగా ఉంది, మబ్బు తునక లేదు.

"చాల్లే పుల్లా," అన్నాడు శ్రీరంగప్ప. ఆమె పక్కన పొట్టులోకి కొన్ని నోట్లు విసిరాడు. "నాకు సొంతిల్లు కావల్ల. వాని పక్కన వద్దు. రేపటికల్లా పెట్టు. నోరు మాత్రం తెరవొద్దు."

సరళ మోకాళ్ళ మీద లేచింది. నోట్లు ఒక్కొక్కటే ఏరుకుంది. ఏరుకుంటుంటే పుల్లన్న నవ్వాడు, దారికొచ్చింది అనుకున్నాడు. అనుకోనీ.

మిషను మళ్ళీ మొదలైంది.

మరునాడు పొద్దున్నే ఆ డబ్బుతో బ్యాంకులో బెంగళూరు ఖాతాకు రెండో జాగా బాడుగ కట్టింది. మిగిలినదానితో, పాత సామాన్లు అమ్మేవాని దగ్గర ఒక మానిటరు కొనుక్కుని ఆటోలో తెచ్చుకుంది. అందులో తెల్లరంగు కూడా పచ్చగానే కనిపిస్తుంది. గదిలో గాజుముక్కలు ఇంకా అట్లాగే ఉన్నాయి. ఊడ్చి, ఒక మూలకు చేర్చి, వైర్లు తగిలించింది. వంగితే కడుపులో పోటు, నిలబడితే కళ్ళు తిరుగుడు. పెదవి వాచి మాట తేడాగా వస్తోంది. ఫోనులో బెంగళూరు వాళ్ళకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"ఇప్పుడు ఓకే మేడం. ఇద్దరికీ ఎవరిది వాళ్ళదే," అన్నారు వాళ్ళు. "థ్యాంక్యూ."

ఇద్దరికీ ఎవరిల్లు వాళ్ళది అయింది. సరళ రెండిళ్ళలోనూ ఉన్నదంతా తుడిచేసింది. ఫీజుల పట్టికలు, బస్సుల రూట్లు, దండం పెట్టే ఫోటో, పాకే అక్షరాలు అన్నీ పోయాయి.

తెలుగు అక్షరాలు అన్ని కంప్యూటర్లలోనూ సరిగ్గా కనబడవు, డబ్బాలు డబ్బాలుగా వస్తాయి. అందుకని పెళ్ళికార్డులు చేసే సాఫ్ట్‌వేరు తెరిచింది. అదీ దొంగదే. పెద్ద అక్షరాలతో టైపు చేసింది. చాలాసార్లు చెరిపింది. క్షమించండి అని ముందు రాసి, తీసేసింది. క్షమాపణ అడగాల్సింది ఇది చదివేవాళ్ళను కాదు. చివరికి మిగిలింది ఇంతే:

"శ్రీరంగప్పగారి వెబ్‌సైటులో బసప్పగారి ఫోటో రావడానికి కారణం నేను. ఇద్దరి దగ్గరా డబ్బు తీసుకుని ఇద్దరినీ ఒకే జాగాలో పెట్టినాను. కుళ్ళాయప్పకు దీనితో ఏ సంబంధమూ లేదు. అతను చేసినాడని బసప్పగారు చెప్పేది అబద్ధం. అతని చెయ్యి విరగ్గొట్టినవాళ్ళకు నిజం చెప్పినా, వాళ్ళు దాచమన్నారు. అతనికి ఈ పని వస్తుందని ఆ రోజు చెప్పింది నేనే. నా పేరు సరళ. సుభాష్ రోడ్డులో జెరాక్సు షాపు పైన ఉంటాను."

దాన్ని బొమ్మగా మార్చింది. ముందు బసప్ప జాగాలోకి, తర్వాత శ్రీరంగప్ప జాగాలోకి ఎక్కించింది. నీలం గీత కొంచెం కొంచెంగా నిండింది. కరెంటు పోతే అంతే సంగతులు, పుల్లన్న తన్నుకు యూపీఎస్ చచ్చిపోయింది కదా. పోలేదు. పాస్‌వర్డులు రెండూ మార్చింది, ఇక రామాంజులు బటను ఎంత నొక్కినా ఆ పేజీ పోదు. అది కౌన్సెలింగు జోరుగా జరిగే పూట. ఏ కాలేజీ మంచిదో చూసుకోవడానికి నెట్ సెంటర్లలో పిల్లలు వరసకట్టి కూర్చునే పూట.

లేచి, తలుపు బార్లా తెరిచి, గాలికి మూసుకోకుండా ఇటుక అడ్డం పెట్టింది. పారిపోదామని ఒక్క నిమిషం అనిపించింది. ఎక్కడికి పోయినా ఈ కడుపునొప్పి వెంటే వస్తుంది. కూర్చుంది.

ఫోన్లు మొదలయ్యాయి. తెలియని నంబర్లు. ఒకరు అమ్మనా బూతులు తిట్టారు. ఒకరు పేపరు నుంచి అన్నారు. ఇంకొకరు మాట్లాడకుండా నవ్వి పెట్టేశారు. కింద జెరాక్సు మిషను ఆగకుండా ఆడుతోంది. షాపాయన ఎవరికో ఆ పేజీ కాపీలు తీసిస్తున్నాడని తర్వాత తెలిసింది. మళ్ళీ ఆ చప్పుడు ఆగింది. షట్టరు దిగింది. మెట్ల మీద అడుగులు వినిపించాయి.

చెప్పుల చప్పుడు కాదు. వట్టి పాదాలు.

గంగక్క గుమ్మంలో నిలబడింది. సంచి భుజాన ఉంది. మెట్లెక్కిన ఆయాసం తీర్చుకోవడానికి కూడా ఆగలేదు, నేరుగా లోపలికి వచ్చింది.

"బసప్ప చెయ్యి తీయమన్నాడే, ఆ రామాంజులే ఆసుపత్రికి వచ్చి, నువ్వు రాసింది చదివి చెప్పినాడు," అంది. "నువ్వేనా?"

"నేనే గంగక్కా."

"నా పక్కన కూర్చొని, నా చేతి నీళ్ళు తాగితివి కదే. నా బిడ్డ చెయ్యి చూస్తా తాగితివి. అప్పుడు నోరు రాల్యానా నీకు?"

కొట్టింది. పొలం పని చేసిన చెయ్యి, పుల్లన్న పగలగొట్టిన పెదవి మీదే పడింది. సరళ కుర్చీతో సహా గోడకు కొట్టుకుంది. గంగక్క ఇంకోసారి కొట్టింది. మూడోసారి ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగి, కిందికి వాలింది. ఆ ముఖం మీద అప్పటికే ఎవరో కొట్టిన నీలాలు అప్పుడు చూసింది. చూసి, ఏడ్చింది. గొంతు విప్పి, ఊరికి వినబడేట్టు ఏడ్చింది. సరళ గోడకు ఆనుకునే ఉండిపోయింది. ఆమెకు ఏడుపు రాలేదు. ఆ దెబ్బలతో మాత్రం లోపల ఏదో కొంచెం సర్దుకుంది.

గంగక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. "వాళ్ళు వస్తారా?"

"వస్తారు."

"ఎవరు? వాళ్ళా, వీళ్ళా?"

"ఇద్దరూ."

గంగక్క కిటికీలోంచి కిందికి చూసింది. సుభాష్ రోడ్డు మలుపులో ఒక జీపు ఆగుతోంది. ఇంకోవైపు నుంచి ఇంకొకటి. గంగక్క గుమ్మం దగ్గరికి పోయి, ఇటుకను కాలితో పక్కకు తోసి, గడప మీద కూర్చుంది. సంచిలోంచి కొడవలి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"గంగక్కా, నువ్వు పో. కుళ్ళాయప్ప ఒంటరిగా ఉంటాడు."

"వాని పక్కన రామాంజులు ఉండాడు. కూర్చుంటానన్నాడు." వెనక్కు తిరగలేదు. "నీ కోసం కాదే నేను కూర్చుండేది. నిన్ను నరికిపోతే, నా కొడుకు ఏం చేయలేదని చెప్పే నోరు ఇంగ యాడుండాది?"

సరళ వచ్చి ఆమె పక్కన, గడప మీద మిగిలిన జాగాలో కూర్చుంది. కింద మెట్ల మొదట్లో చెప్పుల చప్పుడు మొదలైంది. గంగక్క కాళ్ళు ఇంకొంచెం చాపి, తలుపంతా నిండేట్టు సర్దుకుంది.